ధ్రువతారయు ధ్రువస్థానమును

రాత్రివేళ దూరదర్శినితో నక్షత్రముల ఛాయాచిత్రములు తీయువారు చిత్రము తీయుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. చూచుటకది స్వల్పము, అది చెడినచో తరువాతి శ్రమ యంతయు వృథా. దూరదర్శినిని మోయు పీఠముయొక్క ఇరుసును భూమియొక్క ఇరుసునకు సమాంతరముగా నిలుపుటయే యా పని. నేడు దానిని గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

నేను ఖగోళ పరిశోధకుడను గాను. ముప్పది రెండేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద కావ్యములతోపాటు కొంత సిద్ధాంతజ్యోతిషమును చదివితిని. ఉద్యోగము ముగిసిన పిమ్మట, చిరకాలముగా నున్న కోరిక తీర్చుకొనుటకై చిన్న దూరదర్శిని నొకదానిని కొంటిని. ఈ పనిలో నేను చేసిన యొక తప్పును, దానివలన నేర్చిన పాఠమును మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

మొదట, ఒక్కొక్క చిత్రమునకు నిమిషముల కొలది కాలమేల పట్టవలెనో చెప్పెదను. మన కన్ను వెలుగును నిలువజేసికొనజాలదు. ఒక క్షణమున ఎంత వెలుగు పడునో అంతయే చూచును. మఱుక్షణమున దానిని విడిచి క్రొత్తదానిని గైకొనును. ఛాయాచిత్రపు ఫలక మట్లు గాదు. చూరు క్రింద పెట్టిన చెంబువలె బొట్టుబొట్టుగా పడిన వెలుగునంతయు కూడబెట్టుకొనును. చెంబు నెంతసేపు ఉంచిన అంత నీరు. అందుచేతనే కంటికి మసకమసకగా కనబడు నీహారికలు చిత్రములో రెక్కలు విచ్చుకొని తోచును. 1880వ సంవత్సరమున హెన్రీ డ్రేపరు అను అమెరికా దేశీయుడు మృగశిరా ప్రాంతమునందలి మహానీహారికను మొట్టమొదట చిత్రించినప్పుడు ఫలకమును 51 నిమిషములు తెఱచి యుంచెను. నేటి కెమెరాలలో గాజు ఫలకమునకు బదులు సూక్ష్మమైన విద్యుత్ఫలకము వచ్చినది; వేగము పెరిగినది. అయినను సూత్రము మాఱలేదు.

అయితే మనము ఫలకమును తెఱచి కూర్చున్నంతసేపును ఆకాశ మూరకుండదు. భూమి తన చుట్టు తాను 23 గంటల 56 నిమిషముల 4 సెకండ్లలో ఒకసారి తిరుగుచున్నది. ఆ తిరుగుడువలన నక్షత్రము లన్నియు తూర్పునుండి పడమటికి నడచుచున్నట్లు మనకు కనబడును. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు ఈ సంగతినే చెప్పుచు, పడవలో ముందునకు పోవువానికి ఒడ్డునందలి వస్తువులు వెనుకకు పోవుచున్నట్లు తోచుటను దృష్టాంతముగా చూపెను. ఈ నడక ఎంత వేగముగలదో లెక్క చూడుడు. గంటకు 15 అంశలు. నాలుగు నిమిషములకు ఒక అంశ. అంశ యనగా డిగ్రీ. అంశలో అఱువదవ వంతు కళ. కళలో అఱువదవ వంతు వికళ. పూర్ణచంద్రుని బింబము అర్ధాంశ వెడల్పు గలది. అనగా ఆకాశము రెండు నిమిషములలో చంద్రబింబమంత దూరము జరిగిపోవును. కెమెరాను కదలకుండ నిలిపి నాలుగు నిమిషములు తెఱచి యుంచినచో చుక్కలు చుక్కలుగా పడవు, గీతలుగా పడును. కావున ఆకాశముతోపాటు కెమెరాయు తిరుగవలెను.

రేడియోలో నేను మీకు పటము చూపజాలను గావున ఇంటనున్న యొక గొడుగును చేత బట్టుడని కోరెదను. గొడుగు విప్పి, కఱ్ఱను ఉత్తరదిక్కునకు చాచి, కొన కొంచెము పైకెత్తుడు. గొడుగు లోపలి గుడ్డయే ఆకాశమనియు, దానిపై సుద్దముక్కతో పెట్టిన చుక్కలే నక్షత్రములనియు భావింపుడు. ఇప్పుడు కఱ్ఱను మెల్లగా త్రిప్పుడు. చుక్కలన్నియు కఱ్ఱ చుట్టును వలయములుగా తిరుగును. అంచుననున్నవి పెద్ద వలయములను, కఱ్ఱకు చేరువనున్నవి చిన్న వలయములను చుట్టును. కఱ్ఱ గుడ్డను తాకు చోటు మాత్రము కదలదు. ఆ చోటే ధ్రువస్థానము. ఆ కఱ్ఱ చూపు దిక్కే భూమి ఇరుసు చూపు దిక్కు.

దూరదర్శినికి వేయు పీఠములో ఇట్టి కఱ్ఱయే యొకటి యుండును. దానిని ధ్రువాక్షమందురు. దాని కడ్డముగా మఱియొక ఇరుసు గలదు, అది క్రాంత్యక్షము. క్రాంత్యక్షముతో దూరదర్శినిని మనకు కావలసిన నక్షత్రమునకు త్రిప్పి బిగించెదము. పిమ్మట చిన్న మోటారు ధ్రువాక్షమును ఆకాశము నడచు వేగముతో పడమటికి త్రిప్పుచుండును. 1824వ సంవత్సరమున ఫ్రాన్‌హోఫరు అను జర్మను శిల్పి డోర్పాటు వేధశాలకు చేసి యిచ్చిన పెద్ద దూరదర్శిని ఇట్టి పీఠము మీదనే నిలిచినది. నేడు నావంటివారు వాడు చిన్న పీఠములలో పెక్కింటికి అదియే మాతృక. ఇరుసును ధ్రువమునకు గుఱి పెట్టుట మన దేశమునకు క్రొత్త గాదు. జయపురమున మహారాజు సవాయి జయసింహుడు కట్టించిన సమ్రాట్ యంత్రమును చూచినవారు, ఆకాశమున కెక్కుచున్న మెట్లవరుసవంటి దాని వాలుగోడను మఱచిపోరు. ఆ వాలు 27 అంశలు. జయపురపు అక్షాంశమును 27. ఆ గోడ అంచు భూమి ఇరుసునకు సమాంతరము.

జయపురమున 27 అయినట్లు, ఏ యూరి అక్షాంశ మెంతో ఆ యూర ధ్రువస్థానము క్షితిజముపై అంత ఎత్తున నుండును. తిరుపతిలో సుమారు పదమూడున్నర అంశలు, విజయవాడలో పదునాఱున్నర, హైదరాబాదున 17కు మించి కొంచెము, విశాఖపట్టణమున పదునేడు ముప్పాతిక. కాబట్టి పీఠము నిలుపుటలో రెండే ప్రశ్నలు. ధ్రువాక్షము సరిగా ఉత్తరమును చూచుచున్నదా? సరియైన ఎత్తునకు లేచియున్నదా? ఈ రెండింటికిని సరియైన సమాధానము దొరకినచో మిగిలినది మోటారు చేసికొనును.

ఇక నా తప్పును జెప్పెదను. 2024 అక్టోబరు నెలలో పడమటి ఆకాశమున తోకచుక్క యొకటి కనబడిన సంగతి మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. దానికి సుచిన్‌షాన్-అట్లాస్ అని పేరు. మన తరమువారు గాని, మన మనుమల మనుమలు గాని దానిని మఱల చూడబోరు. అప్పుడు మా మనుమరాలు పదవ తరగతి చదువుచుండెను. ఆ తోకచుక్కను చిత్రించి ఆ పిల్లకు జ్ఞాపకముగా ఇచ్చెదనని మాట యిచ్చితిని. గోదావరి తీరమునందలి మా గ్రామములో వరుసగా మబ్బులు. పున్నమి గడచిన మూడవనాటి సాయంకాలము ఆకాశము తేటపడినది. చంద్రోదయమునకు గంటకు మించి వ్యవధి యుండెను.

నేను తొందరపడితిని. పీఠమును మేడమీద నిలిపి, ధ్రువాక్షములో నమర్చియున్న చిన్న గుఱిగొట్టములోనుండి చూచి, ధ్రువనక్షత్రమును నట్టనడుమకు తెచ్చి మరలు బిగించితిని. ధ్రువుడే కేంద్రమున నుండగా ఇక లోపమేమని నా ధీమా. పిమ్మట తోకచుక్కకు గుఱిపెట్టి నాలుగేసి నిమిషముల చొప్పున పన్నెండు చిత్రములు తీసితిని. చంద్రుడు లేచినాడు. క్రిందికి దిగివచ్చి గణకయంత్రములో చిత్రములను పెద్దవిగా చేసి చూతుము గదా, ఒక్క నక్షత్రమును చుక్కగా లేదు. అన్నియు బియ్యపుగింజలవలె సాగియున్నవి. తోకచుక్క తలయు అట్లే చెదరిపోయినది. మఱునాడు మొదలు మఱల మబ్బులు పట్టినవి. అవి విడిచిన నాటికి ఆ తోకచుక్క నా యంత్రమునకు అందనంత మసకబాఱినది.

మా మనుమరాలు నన్నొక మాటయు ననలేదు. మఱికొన్ని దినములకు మాత్రము, "తాతగారూ, ధ్రువుడు కదలడని మీరే చెప్పినారు గదా! కదలనివానికి గుఱిపెట్టినప్పుడు చుక్క లేల కదలినవి?" అని యడిగినది. నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. "నీవే పరీక్షించి చూడు" మని యంటిని. ఆ పిల్ల తన కెమెరాను మూడుకాళ్ళ నిలువుపై బిగించి, ఉత్తరమునకు త్రిప్పి, చిన్నచిన్న చిత్రములను మూడు గంటలపాటు వరుసగా తీసి, అన్నిటిని ఒకదానిపై నొకటి పేర్చినది. నక్షత్రములన్నియు వలయఖండములను గీసినవి. ఆ వలయముల నడుమ ఏమున్నదని చూచితిమి. అచ్చట నక్షత్రము లేదు. ఉత్త చీకటి. ధ్రువనక్షత్రము ఆ చీకటికి ప్రక్కగా, అన్నిటికంటె చిన్నదైన గీతను తానును గీసియున్నది.

ముప్పది రెండేండ్లు నేను తరగతిలో ధ్రువోపాఖ్యానము చెప్పుచు, ఆకాశమున కదలని నక్షత్రమొక్కటి యున్నదనియు అదియే ధ్రువతార యనియు పిల్లలకు బోధించితిని. ఆ మాట నిజము గాదు. నేడు ధ్రువనక్షత్రము ధ్రువస్థానమునకు సుమారు 37 కళల దూరమున నున్నది. అది పూర్ణచంద్రబింబపు వెడల్పుకంటె అధికము. దినమున కొకసారి ఆ స్థానమును అదియు ప్రదక్షిణము చేయుచున్నది. కథలోని పదమును విన్నవాడను. పదమునకును పదమునందున్న వానికిని గల భేదమును గమనింపనైతిని. ఆ పదమున కూర్చుండువారు మాఱుచుందురు. భూమి ఇరుసు బొంగరపు ఇరుసువలె మెల్లగా దిక్కు మార్చుచు సుమారు 25,800 ఏండ్ల కొకసారి ఆకాశమున వలయము చుట్టును. మన పెద్దలు అయనచలనమను పేర గుర్తించినది దీని ఫలితమునే. ఏడాదికి 50 వికళలకు కొంచె మధికమైన చలనమిది. క్రీస్తుపూర్వము 2800 ప్రాంతమున ధ్రువస్థానమునకు చేరువనున్నది థూబన్ అను వేఱొక నక్షత్రము. ఇప్పటి ధ్రువతార 2100 ప్రాంతము వఱకు స్థానమునకు దగ్గరగుచు, పిమ్మట దూరమగును.

నా చిత్రము లేల చెడినవో ఇప్పుడు లెక్క కుదిరినది. అక్టోబరు ఇరువదవ తేదీ ప్రాంతమున సాయంకాలము ఏడు గంటలకు ధ్రువతార ధ్రువస్థానమునకు తూర్పున నుండును. నేను దానిని నడుమకు తెచ్చితినిగాన నా ధ్రువాక్షము 37 కళలు తూర్పునకు తప్పినది. ఇట్టి తప్పునకు ఫలమిది: ధ్రువాక్షము ఒక అంశ తప్పినచో నాలుగు నిమిషములలో నక్షత్రము గరిష్ఠముగా సుమారు ఒక కళ జరుగును. 37 కళలు తప్పినచో నిమిషమునకు సుమారు 10 వికళలు జరుగును. ఆకాశమున ఏ భాగమును చూచుచున్నామను దానిని బట్టి ఇది కొంత తగ్గును. పడమట తోకచుక్క యున్న చోట అందులో సగమైనను, నాలుగు నిమిషములకు 20 వికళలైనవి. నా కెమెరాలో ఒక్కొక్క సూక్ష్మబిందువు రెండు వికళల వెడల్పు గలది. నక్షత్రము పది బిందువుల పొడవు సాగినది. లెక్కయు బియ్యపుగింజయు సరిపోయినవి.

ఈ అనుభవము పిమ్మట మే మవలంబించిన పద్ధతిని ఇప్పుడు క్రమముగా చెప్పెదను. ఇందు కొంత పగటిపని, కొంత సందెపని, కొంత రాత్రిపని.

పగటిపనిలో మొదటిది ఉత్తరరేఖ. దిక్సూచిని నమ్ముకొనరాదు. అది చూపునది భూమియొక్క అయస్కాంతపు ఉత్తరము. దానికి తోడు మేడ కప్పులోని ఇనుపకమ్ములు దానిని ప్రక్కకు లాగును. మన సిద్ధాంతగ్రంథములు చెప్పు శంకుచ్ఛాయ దీనికంటె నమ్మదగినది. మేడమీద చదునైన చోట నిలువైన పుల్లను నాటి, తూకపుగుండుతో దాని నిలువు సరిచూచి, దాని మొదలు కేంద్రముగా వృత్తము గీయుడు. ఉదయమున నీడ కొన వృత్తమును తాకి లోనికి వచ్చు చోటను, అపరాహ్ణమున మఱల తాకి వెలికి పోవు చోటను గుర్తులు పెట్టుడు. ఆ రెండు గుర్తులను కలుపు గీత తూర్పుపడమరలు. దాని కడ్డుగీత ఉత్తరదక్షిణములు. ఉత్తరాయణ దక్షిణాయన ప్రారంభములకు దగ్గరి దినములలో ఇది మఱింత సరిగా వచ్చును. మేము ఈ రేఖను సున్నముతో గీసి శాశ్వతముగా నుంచుకొంటిమి.

రెండవది మట్టము. పీఠపు మూడు కాళ్ళును గట్టినేలపై ఊగకుండ నిలిపి, తాపీపనివారి రసమట్టముతో సమము చేయవలెను. మట్టము తప్పినను ఇరుసును ధ్రువమునకు త్రిప్పవచ్చును గాని, అప్పుడు ఎత్తు మర త్రిప్పినపుడెల్ల దిక్కును జరిగి విసుగు పుట్టించును. మట్టముగా నున్నచో దేని పని దానిదే. పిమ్మట పీఠమునందలి అంశల కొలతపై మన యూరి అక్షాంశమును పెట్టవలెను.

మూడవది గుఱిగొట్టమునే పరీక్షించుట. ధ్రువాక్షములోని గుఱిగొట్టము ఇరుసుతో ఏకముగా నున్నదో లేదో ఎవరికి తెలియును? దూరమునందున్న మంచినీళ్ళ ట్యాంకు కొననో, గాలిగోపురపు కలశమునో గుఱిగొట్టపు కేంద్రములోనికి తెచ్చి, ఇరుసును సగము చుట్టు త్రిప్పి చూడుడు. కలశము కేంద్రముననే యున్నచో మేలు. ప్రక్కకు పోయినచో, ఆ తప్పులో సగమును గొట్టపు చిన్నమరలతోను, సగమును పీఠపు మరలతోను దిద్ది, మఱల త్రిప్పి చూడవలెను. కొలతబద్దనే కొలువక పని మొదలిడుట నా రెండవ తప్పై యుండెను.

సందెపని ధ్రువతారది. గుఱిగొట్టములో గడియారపు ముఖమువంటి చిన్న వలయము చెక్కియుండును. దాని కేంద్రము ధ్రువస్థానము. ధ్రువతార నిలువవలసినది వలయముపై. వలయముపై ఏ యంకెయొద్ద నన్నది ఆ గంటను, ఆ యూరిని బట్టి మాఱుచుండును. చేతి ఫోనులోని ప్రోగ్రాము ఆ సంగతి చెప్పును. ఫోను లేనివారికి ఆకాశమే గుర్తు చూపును. ధ్రువతారనుండి లఘుసప్తర్షులలో ప్రకాశవంతమైన కోచాబ్ అను నక్షత్రము వైపునకు గీత గీసినచో, ధ్రువస్థానము ఇంచుమించుగా ఆ గీతపైననే యుండును. గుఱిగొట్టము దృశ్యమును తలక్రిందుగా చూపునను సంగతి మఱువరాదు. టార్చికి ఎఱ్ఱకాగితము చుట్టుకొనుడు. తెల్లని వెలుగు చీకటికి అలవాటుపడిన కంటిని చెఱచును.

అయితే మన తెలుగునాట నొక చిక్కు గలదు. ధ్రువుడు మనకు పదమూడు మొదలు ఇరువది అంశల ఎత్తులోపుననే యుండును. ఆ ఎత్తున పొగయు, మంచును, కొబ్బరితోపులును, ప్రక్కవారి మేడలును అడ్డుపడును. వాయుమండలము వెలుగును వంచుటచే ధ్రువస్థానము ఉన్నదానికంటె సుమారు 3 కళలు ఎత్తుగా కనబడును గూడ. ధ్రువుడు కనబడని చోట ఏమి చేయవలెను? కనబడిన చోటనైనను మన గుఱి సరియైనదని ఎట్లు తెలిసికొనవలెను? దీనికి ధ్రువునితో పనిలేని పద్ధతి యొకటి గలదు. అదియే రాత్రిపని. నక్షత్రమును చూచుచు దాని జాఱుడును గమనించి, ఆ జాఱుడునుబట్టి మన తప్పును దిద్దుకొనుట.

దూరదర్శినికి అడ్డునిలువు గీతలు గల కంటికటకమును పెట్టి, దక్షిణమున మధ్యరేఖకు దగ్గరగా, విషువద్వృత్తమునకు చేరువగా నున్న నక్షత్రమును పట్టుకొనుడు. మోటారు నాపినచో నక్షత్రము పడమటికి పోవును. ఆ దారిలో గీత పడునట్లు కటకమును త్రిప్పుడు. మోటారు నడపుడు. గొట్టమును ఉత్తరమునకు ఒకింత నొక్కినపుడు నక్షత్రము గీతనుండి ఏ ప్రక్కకు పోవునో అది దక్షిణము. ఇక అయిదు నిమిషములు చేతులు కట్టుకొని చూడుడు. నక్షత్రము దక్షిణమునకు జాఱినచో ధ్రువాక్షము తూర్పునకు తప్పియున్నది. ఉత్తరమునకు జాఱినచో పడమటికి తప్పియున్నది. దిక్కు మరను కొంచెము త్రిప్పి మఱల చూడుడు. నక్షత్రము గీతను విడువని వఱకు ఇట్లు చేయవలెను.

పిమ్మట తూర్పున ఇరువది ముప్పది అంశల ఎత్తున, విషువద్వృత్తమునకు దగ్గరగా నున్న నక్షత్రమును పట్టుకొనుడు. అది దక్షిణమునకు జాఱినచో ధ్రువాక్షము పల్లముగా నున్నది. ఉత్తరమునకు జాఱినచో మిక్కిలి ఎత్తుగా నున్నది. ఇప్పుడు ఎత్తు మరను దిద్దవలెను. తూర్పు మూసికొని పడమటి నక్షత్రమును గైకొన్నవారు ఈ ఫలితమును తారుమారుగా గ్రహింపవలెను. రెండవది దిద్దునపుడు మొదటిది కొంచెము చెదరును గాన దానిని మఱియొకమాఱు చూడుడు. మృగశిరా ప్రాంతమునందలి వేటగాని నడికట్టులో మింటాక యను నక్షత్రము విషువద్వృత్తమునకు అతిసమీపమున నున్నది. డిసెంబరు నెలలో అది మొదటిజామున తూర్పు పరీక్షకును, నడిరేయి దక్షిణ పరీక్షకును పనికివచ్చును.

ఎంతవఱకు దిద్దవలెనని యడుగుదురేమో. గాలి చలనమువలన నక్షత్రబింబమే రెండుమూడు వికళల వెడల్పున అదరుచుండును. ధ్రువాక్షము 5 కళలు తప్పినచో అయిదు నిమిషములలో నక్షత్రము ఆఱున్నర వికళలు జాఱును. అది చిత్రములో తెలియును. ఒక కళ మాత్రమే తప్పినచో జాఱుడు వికళ యుంబాతిక. గాలి అదురులో అది మఱుగుపడును. అంతకంటె సూక్ష్మముగా దిద్దుటకై రాత్రి గడపుట నావంటివానికి అనవసరము.

ఇచ్చట నొక హెచ్చరిక. చిత్రములో గీత పడిన మాత్రమున తప్పంతయు ధ్రువాక్షమునదే యనుకొనరాదు. నక్షత్రము తూర్పుపడమరలకు ముందువెనుకలాడినచో అది మోటారు త్రిప్పు పండ్లచక్రముల లోపము. ఉత్తరమునకో దక్షిణమునకో ఎడతెగక జాఱినచో ధ్రువాక్షపు లోపము. రోగము తెలియక మందు వేయరాదు. మఱికొందఱు, "రెండవ కెమెరా యొకటి నక్షత్రమును కనిపెట్టుచు మోటారును సరిదిద్దుచుండును గదా, ఇరుసు తప్పిన నేమి?" అందురు. కనిపెట్టబడు నక్షత్రము నిలుచును, నిజమే. కాని ఇరుసు తప్పియున్నచో మిగిలిన నక్షత్రములు దాని చుట్టును మెల్లగా తిరిగి చిత్రపు అంచులలో వంపుగీతలగును. నేడు కెమెరాయే రెండుమూడు చిత్రములు తీసి, నక్షత్రపట్టికతో పోల్చి, ఇరుసు ఎంత తప్పినదో చెప్పు సాధనములును గలవు. అవి మంచివే. చేతితో ఒకమాఱు చేసి యెఱిగినవానికి అవి చెప్పునది తప్పో ఒప్పో తెలియును.

ఈ ఓర్పు మన నేలపై ఎంత పని చేసినదో చెప్పి ముగించెదను. నవాబు జఫర్ జంగు 1901లో హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, 1887లో పారిసు నగరమున సంకల్పింపబడిన ఆకాశపటమహాకార్యములో పాలు గైకొన్నది. ప్రపంచమునందలి వేధశాలలు ఆకాశమును పట్టీలుగా పంచుకొనగా, విషువద్వృత్తమునకు దక్షిణముగా 17 అంశల నుండి 23 అంశల వఱకు గల పట్టీ హైదరాబాదు వంతునకు వచ్చినది. గాజు ఫలకములపై లక్షలకొలది నక్షత్రముల స్థానములను అచ్చటివారు కొలిచిరి. ఆ ఫలకములలో ప్రతిదానికి వెనుకను ముందుగా ధ్రువమునకు సరిగా నిలిపిన యొక ఇరుసు గలదు.

2025 జనవరిలో, అమావాస్యకు దగ్గరి యొక రాత్రి, మేమిద్దఱము సున్నపుగీతపై పీఠమును నిలిపితిమి. గుఱి దిద్దుటకే గంటన్నర పట్టినది. మా మనుమరాలు కటకమునొద్ద కూర్చుండి, "దక్షిణమునకు జాఱుచున్నది, ఇంక కొంచెము, నిలిచినది" అని చెప్పుచుండగా నేను మర త్రిప్పితిని. పిమ్మట మృగశిరా ప్రాంతమునందలి నీహారికను అయిదేసి నిమిషముల చొప్పున చిత్రించితిమి. చిత్రము చూచి ఆ పిల్ల, "తాతగారూ, ఇప్పుడు చుక్కలు చుక్కలుగానే యున్న"వని నవ్వినది. తోకచుక్క మాత్రము తిరిగి రాదు. ఆ మాట చెల్లింపలేకపోతిని.

నాయొద్ద చదివినవారిలో ఎవరైన ఈ ప్రసంగమును వినుచున్నచో వారికొక మనవి. ధ్రువనక్షత్రము కదలదని మీకు చెప్పితిని, అది కదలును. కదలనిది దాని ప్రక్కనున్న యొక చోటు. ఆ చోట కంటికేమియు కనబడదు. నక్షత్రము ఎటు జాఱుచున్నదో ఓపికగా చూచి, మన తప్పును కొంచెము కొంచెముగా దిద్దుకొనుచు పోయినవారికి అది దొరకును. మీ పిల్లలకు ఈ పాఠమును సరిగా చెప్పుడు.